అమలాపురం నుంచి కువైట్: ఏ విమానాశ్రయం, ఏ దారి మేలు?

హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఆకాశంలో తిన్నగా కొలిస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. విమానం దాదాపు ఐదు గంటల్లో దింపేస్తుంది. కానీ అమలాపురంలోనో రాజోలులోనో ముమ్మిడివరంలోనో ఇంటి గుమ్మం దాటిన మనిషి కువైట్ విమానాశ్రయం బయటకు వచ్చేసరికి పదిహేను గంటలు పట్టవచ్చు, పాతిక గంటలూ పట్టవచ్చు. ఏ ఊరి విమానాశ్రయానికి వెళ్లాం, ఎలా వెళ్లాం, అక్కడ ఎంతసేపు కూర్చున్నాం, ఎన్నిచోట్ల మారాం అన్నదాన్ని బట్టే ఈ తేడా వస్తుంది.

మా కోనసీమలో కువైట్ వెళ్లినవారు లేని వీధి అరుదు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, కంపెనీ వీసాల మీద వెళ్లే కుర్రవాళ్లు అందరూ ఉన్నారు. చాలామంది టికెట్టును ధర చూసి కొంటారు, లేదంటే ఏజెంటు చేతిలో పెట్టింది తీసుకుంటారు. దారులను పక్కపక్కన పెట్టి చూసేవారు తక్కువ. ఇక్కడ ఆ పనే చేస్తున్నాను. లెక్కలన్నీ అమలాపురం నుంచి వేశాను. భీమవరం, కాకినాడ వైపువారికి ఎక్కడ మారుతుందో మధ్యమధ్య చెబుతాను. విమానాల వేళలు, రోజులు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కనుక గంటలను సుమారుగానే తీసుకోండి.

ముందుగా దూరం, గడియారం

| ఎక్కడి నుంచి ఎక్కడికి | ఆకాశ దూరం (కి.మీ., సుమారు) | విమానంలో సమయం (సుమారు) | అక్కడి గడియారం |
|---|---|---|---|
| హైదరాబాద్ – కువైట్ | 3,370 | 5 గంటలు | రెండున్నర గంటలు వెనుక |
| హైదరాబాద్ – దోహా | 2,910 | నాలుగున్నర గంటలు | రెండున్నర గంటలు వెనుక |
| హైదరాబాద్ – దుబాయ్ | 2,550 | 4 గంటలు | గంటన్నర వెనుక |
| హైదరాబాద్ – మస్కట్ | 2,210 | మూడున్నర గంటలు | గంటన్నర వెనుక |
| గన్నవరం (విజయవాడ) – షార్జా | 2,800 | నాలుగున్నర గంటలు | గంటన్నర వెనుక |
| విశాఖపట్నం – సింగపూర్ | 2,910 | 4 గంటలు | రెండున్నర గంటలు ముందు |

కువైట్ వెళ్లేటప్పుడు ఐదు గంటలు పట్టే ప్రయాణం, వచ్చేటప్పుడు అరగంట వరకూ తగ్గుతుంది. మన అక్షాంశాల్లో, ముఖ్యంగా చలికాలంలో, పైఎత్తుల్లో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి.

టికెట్టు మీద ఉండే వేళలన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. రాత్రి 10 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి అర్ధరాత్రి 12:30కి కువైట్‌లో దిగుతుందని రాసి ఉంటే రెండున్నర గంటల ప్రయాణం అనుకోకూడదు, అది ఐదు గంటలే. తిరుగు టికెట్టులో కువైట్‌లో రాత్రి 11కి ఎక్కి మర్నాడు ఉదయం 6కి దిగుతారని ఉంటే ఏడు గంటలు కాదు, నాలుగున్నరే.

దీనికంటే తేదీ దగ్గర జరిగే పొరపాటు పెద్దది. గల్ఫ్ విమానాల్లో చాలా వరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతాయి. టికెట్టు మీద జనవరి 15, వేకువ 1:30 అని ఉందంటే, మీరు 14వ తేదీ రాత్రి పదిన్నరకే విమానాశ్రయంలో ఉండాలి. 15 అని చూసి 14 రాత్రి అమలాపురంలో బస్సు ఎక్కితే, బస్సు సూర్యాపేట చేరకముందే విమానం వెళ్లిపోతుంది. టికెట్టు చేతికి రాగానే దాని వెనుక "14 రాత్రి" అని పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసుకోండి. ఇంట్లోవాళ్లకూ అలాగే చెప్పండి.

వేటిని బట్టి ఎంచుకోవాలి?

ధర ఒక్కటే చూస్తే చాలదు. నేను ఇంకో నాలుగు చూస్తాను. ఇంటి నుంచి మొత్తం ఎన్ని గంటలు? ఎన్నిసార్లు మారాలి, ఆ మారేచోటు ఒకే భవనంలో ఉందా? టికెట్టు ఒకటేనా, రెండు వేర్వేరు టికెట్లా? ఎన్ని కిలోల సామాను ఒప్పుకుంటారు?

వీటిలో మూడోది అన్నిటికంటే ముఖ్యం. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్టు, హైదరాబాద్ నుంచి కువైట్‌కు మరో టికెట్టు విడివిడిగా కొన్నారనుకోండి. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమై రెండోది దాటిపోతే, రెండో సంస్థకు ఆ ఆలస్యంతో సంబంధం ఉండదు. ఆ టికెట్టు డబ్బు పోయినట్టే. రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత సంస్థది. సామాను సంగతీ అంతే. దేశీయ టికెట్టుకు మామూలుగా 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి. కువైట్ టికెట్టుకు ఇంతకంటే చాలా ఎక్కువ ఇస్తారు. ఒకే టికెట్టయితే ఆ పెద్ద పరిమితే రాజమండ్రి నుంచీ వర్తిస్తుంది. విడి టికెట్లయితే రాజమండ్రి కౌంటరులోనే అదనపు కిలోలకు డబ్బు కట్టాలి. రెండు వేలు మిగులుతాయని విడిగా కొన్నవారు అక్కడే అంతకంటే ఎక్కువ చెల్లించడం మామూలు.

హైదరాబాద్ వరకు నేల మీద, అక్కడి నుంచి నేరుగా

ఎక్కువమంది ఎంచుకునే దారి ఇదే. అమలాపురం నుంచి హైదరాబాద్ సుమారు 450 కిలోమీటర్లు, రాత్రి బస్సుకు తొమ్మిది పది గంటలు. కోనసీమ నడిబొడ్డుకు ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉన్నాం. రైలు కావాలంటే రాజమండ్రికో నరసాపురానికో కాకినాడకో చేరాలి. గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లు రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దింపుతాయి. విమానం రాత్రిపూట అయితే విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్ బాగా కలిసొస్తుంది: ఉదయం రాజమండ్రిలో ఎక్కితే మధ్యాహ్నానికి చేరిపోతారు, రోజంతా పడిగాపులు పడే బాధ తప్పుతుంది. మీ తేదీన ఆ బండి ఉందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కు ఇంకో గంటన్నర పడుతుందని లెక్కపెట్టుకోండి. పుష్పక్ బస్సులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. సొంత బండిలోనో అద్దెకారులోనో విజయవాడ రోడ్డు మీదుగా వెళ్లేవారు నగరంలోకి పోనక్కరలేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే తిన్నగా శంషాబాద్ చేరవచ్చు.

ఈ దారిలో ఎక్కే విమానం ఒక్కటే. మారడం లేదు, పెట్టె తప్పిపోతుందన్న భయం తక్కువ, విమానాశ్రయం గుమ్మం దాకా ఇంట్లోవాళ్లు తోడుగా రావచ్చు. అయితే రాత్రంతా బస్సు, పగలంతా ఎదురుచూపు, మళ్లీ రాత్రంతా విమానం అంటే ఒళ్లు హూనమవుతుంది. దిగిన రోజే పనిలోకి వెళ్లాల్సినవారికి ఇది చిన్న విషయం కాదు.

రాజమండ్రిలో ఎక్కి హైదరాబాద్‌లో మారడం

అమలాపురం నుంచి మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయానికి సుమారు 80 కిలోమీటర్లు. కొత్తపేట, రావులపాలెం మీదుగా గౌతమి వంతెన దాటి, వేమగిరి వైపు నుంచి వెళ్తే కారులో రెండు, రెండున్నర గంటలు. అక్కడి నుంచి హైదరాబాద్ ఆకాశంలో 360 కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం. బస్సులో రాత్రంతా పట్టేది ఇక్కడ ఒక పూటలో సగం కూడా పట్టదు.

హైదరాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు రెండూ ఒకే భవనం నుంచి నడుస్తాయి. కాస్త చదువు వచ్చినవారు బోర్డులు చూసుకుంటూ నడిచి వెళ్లిపోవచ్చు. ఇమిగ్రేషన్ తనిఖీ జరిగేది హైదరాబాద్‌లోనే, రాజమండ్రిలో ఉండదు. అందుకే రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోవాలి. గంటన్నర వ్యవధితో అమ్మే టికెట్లూ ఉంటాయి. వాటిని నేను ఎవరికీ చెప్పను. చలికాలం ఉదయాల్లో మంచు పట్టిందంటే మొదటి విమానం కదలడమే ఆలస్యమవుతుంది.

రాజమండ్రి నుంచి ముంబై, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ మీదుగానూ టికెట్లు దొరుకుతాయి. ఇవి కొన్నిసార్లు చవకగా కనిపిస్తాయి. ముంబైలో టెర్మినల్ ఒకటి, టెర్మినల్ రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయి, ఢిల్లీలోనూ అంతే. మీరు దిగేది ఏది, ఎక్కేది ఏది అని టికెట్టులో చూడండి. రెండూ ఒకటే అయితే ముంబై మంచి దారే: అక్కడి నుంచి కువైట్ 2,760 కిలోమీటర్లే. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఢిల్లీలో మారే టికెట్టు మాత్రం వద్దు, పొగమంచుకు గంటలు గంటలు నిలిచిపోతారు.

గన్నవరం, చెన్నై

గన్నవరం విమానాశ్రయం అమలాపురానికి రాజమండ్రి కంటే చాలా దూరం. కువైట్ కోసం కోనసీమవారు రాజమండ్రిని దాటి అక్కడికి వెళ్లడంలో లాభం కనబడదు. ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపువారికి మాత్రం అదే దగ్గర. భీమవరంవారికి రెండూ ఇంచుమించు సమానం కనుక ధర, వేళ చూసుకుని ఎంచుకోవచ్చు. అద్దెకారు మాట్లాడేటప్పుడు "విజయవాడ గన్నవరం" అని విడమరిచి చెప్పండి, మన పి.గన్నవరం ఇక్కడే ఉంది కదా.

గన్నవరం నుంచి షార్జాకు నేరుగా వెళ్లి అక్కడ కువైట్ విమానం ఎక్కుదామనే ఆలోచన కొందరికి వస్తుంది. వేర్వేరు టికెట్లయితే షార్జాలో బయటకు వచ్చి, పెట్టె తీసుకుని మళ్లీ అప్పగించాలి. బయటకు రావాలంటే ఆ దేశపు వీసా ఉండాలి. అది లేకుండా అసలు గన్నవరంలోనే విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

చెన్నై నుంచి కువైట్‌కు నేరు విమానాలున్నా, ఇక్కడి నుంచి ఆ ఊరు చేరడానికే హైదరాబాద్ కంటే ఎక్కువ సేపు పడుతుంది, ఆపైన ఆకాశ దూరమూ 3,780 దాకా పెరుగుతుంది. హైదరాబాద్‌లో టికెట్లు పూర్తిగా అయిపోతే తప్ప అటు వెళ్లనక్కరలేదు.

| దారి | ఇంటి నుంచి మొత్తం గంటలు (సుమారు) | విమానాలు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| రాత్రి బస్సు/రైలు, హైదరాబాద్ నుంచి నేరుగా | 20–24 (పగలంతా ఆగాల్సివస్తే ఇంకా ఎక్కువ) | 1 | మొదటిసారి వెళ్లేవారు, తోడు వచ్చేవారున్నవారు |
| రాజమండ్రి – హైదరాబాద్ – కువైట్, ఒకే టికెట్టు | 14–17 | 2 | సెలవుకు వచ్చి వెళ్లేవారు, పిల్లలున్నవారు, పెద్దవారు |
| రాజమండ్రి – ముంబై – కువైట్, ఒకే టికెట్టు | 15–19 | 2 | టెర్మినల్ మారనవసరం లేకపోతే |
| గన్నవరం మీదుగా | 16–20 | 2 | ఏలూరు, ఆకివీడు వైపువారు |
| చెన్నై నుంచి నేరుగా | 23–27 | 1 | ఇంకేదీ దొరకనప్పుడు |

మొదటిసారి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు

గంటల లెక్కలో రాజమండ్రి దారే గెలుస్తుంది. అయినా మొదటిసారి ఒంటరిగా వెళ్లే అక్కాచెల్లెళ్లకు నేను చెప్పేది హైదరాబాద్ నుంచి నేరు విమానమే. రెండు విమానాలు ఎక్కి దిగడం అలవాటున్నవారికి తేలిక. ఇంగ్లీషు, హిందీ బోర్డులు చదవలేని మనిషికి, అంతవరకు రైలు కూడా ఒంటరిగా ఎక్కని మనిషికి, మధ్యలో మారడమంటే తలప్రాణం తోకకు వస్తుంది. అన్నో తమ్ముడో భర్తో తోడుగా బస్సులో వచ్చి, శంషాబాద్ గుమ్మం దగ్గర కాగితాలన్నీ సరిచూసి పంపితే ఆమెకు కొండంత ధైర్యం. అదనంగా పోయే ఆరేడు గంటలకు అది తగిన విలువే. ఒక రోజు ముందే హైదరాబాద్ చేరి, ఎవరైనా తెలిసినవారింట్లో పడుకుని లేస్తే ఇంకా మేలు.

కాగితాల సంగతి దారికంటే ముందుది. పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అనే) ముద్ర ఉంటే, అంటే సాధారణంగా పదో తరగతి పాస్ కానివారికి, కువైట్‌లో ఉద్యోగానికి ముందే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. అలాంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళకు ముప్పై ఏళ్లు నిండి ఉండాలి. "అనుమతి అక్కర్లేదు, ముందు విజిట్ వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లండి, అక్కడి నుంచి మేం పంపుతాం" అని ఏజెంటు అంటే, దాన్ని తక్కువ ఖర్చు దారిగా లెక్కవేయకండి. అక్కడ ఏం జరిగినా చూపించడానికి చేతిలో సరైన కాగితం ఉండదు. ఆ టికెట్టు ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

మిగతావారికి

అకామా (కువైట్‌లో ఉండేందుకు ఇచ్చే నివాస అనుమతి) చేతిలో ఉండి సెలవు మీద వచ్చి వెళ్లేవారికి రాజమండ్రి టికెట్టే సరి. నెల రోజుల సెలవులో రానూ పోనూ కలిపి సగం రోజు ఇంట్లో ఎక్కువ దొరుకుతుంది. చంటిపిల్లలతో వెళ్లేవారికీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికీ ఇదే చెబుతాను. టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని అడిగితే హైదరాబాద్‌లో మారడం మరింత సులువు.

ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని హుటాహుటిన రావాల్సినవారు ధర, దారి రెండూ చూడరు. వారికి ఒకటే మాట: ముందు హైదరాబాద్‌కు దొరికిన మొదటి నేరు విమానం పట్టండి, ఇంటికి ఎలా చేరాలో దిగాక చూసుకోవచ్చు.

లంక గ్రామాలవారు జులై నుంచి సెప్టెంబరు వరకు ఇంకో సంగతి చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటి విడుదల 13 లక్షల క్యూసెక్కులు దాటితే రెండో ప్రమాద హెచ్చరిక, 17 లక్షలు దాటితే మూడోది ఇస్తారు. ఆ పాటికి కాజ్‌వేలు మునిగి, పంటులు ఆగి, పడవలే దిక్కవుతాయి. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూశాం కదా. మొదటి హెచ్చరిక వినబడగానే పాస్‌పోర్టు, టికెట్టు, సామానుతో గట్టు దాటి రావులపాలెంలోనో అమలాపురంలోనో బంధువులింటికి చేరిపోండి.

సామాను

ఏ దారి ఎంచుకున్నా చివరికి అందరూ ఆగిపోయేది తూకం కౌంటరు దగ్గరే. శంషాబాద్‌లో ఏ రాత్రయినా చూడవచ్చు: నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, మూత మీద మార్కరుతో పేరు, ఊరు రాసిన అట్టపెట్టెను నేల మీద పెట్టి తాడు విప్పుతుంటారు. ఆవకాయ డబ్బా ఒక చేతిలో, పసుపు కారాల పొట్లాలు ఒడిలో. ఏది వెనక్కి పంపాలో తోచక, గాజు తలుపు అవతల నిలబడ్డ ఇంట్లోవాళ్ల వైపు చూస్తుంటారు. ఊళ్లోనే కిరాణా కొట్టు కాటా మీద తూచుకుని, పరిమితికి ఒక కిలో తక్కువే సర్దుకుంటే ఈ అవస్థ ఉండదు.

నూనె తేలే పచ్చడి, నెయ్యి చేతిసంచిలో వద్దు, ద్రవాల కింద లెక్కగట్టి తీసేస్తారు. రెండు కవర్లలో బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. కోనసీమవారు తప్పక గుర్తుంచుకోవాల్సింది కురిడీ కొబ్బరి, అంటే ఎండు కొబ్బరి. దానిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే స్వభావం ఉందని పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. ఆత్రేయపురం పూతరేకులకు ఏ అభ్యంతరం లేదు కానీ పెట్టెలో పిండి అయిపోతాయి, చేతిసంచిలో పైన పెట్టుకోండి.

మసాలాలో వాడే గసగసాలు మాత్రం ఒక్క చెంచా కూడా వద్దు. గల్ఫ్ దేశాల్లో వాటిని మత్తుపదార్థాల కింద చూస్తారు, జైలు దాకా వెళ్తుంది. ఇంట్లో కలిపి ఇచ్చిన మసాలా పొడిలో ఉన్నాయేమో కూడా అడగండి. పక్కింటివారు "మా అమ్మాయికి ఇవ్వు" అని ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి. మొహమాటానికి ఇక్కడ చోటివ్వకూడదు. రోజూ మందులు వేసుకునేవారు డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి.

దుబాయ్, సింగపూర్ వెళ్లేవారికి

దుబాయ్, షార్జా వైపు వెళ్లేవారికి గన్నవరం నేరు విమానం ఉన్న రోజుల్లో దానికి సాటి లేదు. కారులో నాలుగు గంటలు, విమానంలో నాలుగున్నర, మధ్యలో మారడం లేదు. షార్జా నుంచి దుబాయ్‌కు రోడ్డు మీద కొద్దిసేపే. కుటుంబంతో వెళ్లేవారు ముందు ఈ విమానం రోజు చూసి, ఆ తర్వాతే సెలవు తేదీ నిర్ణయించుకోవడం మంచిది.

సింగపూర్ వెళ్లే కాకినాడ, పిఠాపురం, తుని వైపువారికి విశాఖపట్నమే సరైన గుమ్మం. హైదరాబాద్ నుంచి సింగపూర్ 3,310 కిలోమీటర్లయితే, విశాఖ నుంచి 400 తక్కువ. కాకినాడ నుంచి విశాఖకు కారులో మూడు గంటలు చాలు. కొత్త విమానాశ్రయం విశాఖ దాటాక భోగాపురంలో ఉంది. మీ టికెట్టు అక్కడి నుంచి అయితే ఇంకో గంటకు పైగా కలుపుకోండి.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు లెక్క కొంత మారుతుంది. కువైట్ నుంచి రాజమండ్రి వరకు ఒకే టికెట్టు ఉన్నా, ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు హైదరాబాద్‌లోనే పూర్తవుతాయి. పెట్టెను అక్కడ బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ రాజమండ్రి విమానానికి అప్పగించాలి. నేరుగా రాజమండ్రికే వచ్చేస్తుందనుకుని వదిలేసి వెళ్లకండి. వేకువన రెండు మూడు విమానాలు ఒకేసారి దిగితే ఇమిగ్రేషన్ వరుస పొడవుగా ఉంటుంది కాబట్టి ఇక్కడా మూడు గంటల వ్యవధి ఉండాలి. సంక్రాంతి ముందు వారంలో రాజమండ్రి విమానాలూ, హైదరాబాద్ బస్సులూ రెండూ నిండిపోతాయి. ఆ రోజుల్లో వచ్చేవారు కువైట్ టికెట్టుతో పాటే రాజమండ్రి దాకా కొనేయాలి, హైదరాబాద్‌లో దిగాక బస్సు చూసుకుందామంటే సీటు దొరకదు.